పెద్దమ్మ ఏడుపు

మా పక్కింటి పెద్దమ్మ మొన్న మంగళవారం పొద్దున కన్నుమూసింది. కోరుట్లలో మా వాడ వాళ్లం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఆ సంగతి అందరికీ తెలిసింది. ఆమె బతుకు బజారున పడింది కూడా ఆ గ్రూపు నుంచే. పడేసింది నేను.

చుట్టం కాదు గానీ చిన్నప్పటి నుంచీ పెద్దమ్మ అనే పిలిచాను. ఒళ్లో చాట పెట్టుకుని రోజంతా బీడీలు చుట్టేది. నేను బడి నుంచి వస్తే కత్తెర పక్కన పెట్టి, "తిన్నవా బిడ్డా?" అని అడిగాకే మళ్లీ ఆకు అందుకునేది. వాడలో ఎవరు పోయినా శోకం పెట్టి ఏడవడానికి ఆమె ఉండాల్సిందే. పోయిన మనిషికి ఏ కూర ఇష్టం, ఎవరితో మాటల్లేవు, అన్నీ ఆ ఏడుపులో వచ్చేవి. మా అమ్మ పోయినప్పుడు నాకు నోరు పెగల్లేదు. నా తరపున కూడా ఆమే ఏడ్చింది. అవన్నీ అందరి ముందు ఎందుకు పెద్దమ్మా అని ఓసారి అడిగాను. "అందరేడున్నరు? గీడున్నోళ్లం మనోళ్లమే గద" అంది.

ఆమె భర్త పోయినప్పుడు దుబాయ్‌లో ఉన్న కొడుక్కి సెలవు దొరకలేదు. "అక్కా, జర వీడియో తీసి పంపవా" అని బతిమాలాడు. తీశాను. అందులో పెద్దమ్మ, ఆయన తాగొచ్చి కొట్టిన సంగతీ చెప్పి, అయినా నువ్వు లేని ఇంట్లో ఎట్లుండాలని మొగుడి కాళ్లు పట్టుకుని ఏడ్చింది. కొడుకొక్కడికి పంపి ఊరుకుంటే పోయేది. రాలేకపోయిన చుట్టాలు కూడా చూస్తారని గ్రూపులోనూ పెట్టాను.

నెల తిరగకముందే అది గ్రూపు దాటింది, ఎవరో దానికి నవ్వులాట పాట తగిలించారు. పరీక్ష తప్పినవాళ్లు, క్రికెట్‌లో ఓడినవాళ్లు ఆమె ముఖాన్ని స్టిక్కర్ చేసి పంపుకున్నారు. సిరిసిల్లలో ఉండే ఆమె బిడ్డ ఓ రోజు బస్సెక్కితే వెనక సీట్లోంచి అమ్మ ఏడుపు, దాని మీద నవ్వులు వినిపించాయట.

జగిత్యాల పోయి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. "ముందుగాల ఎవలు పెట్టిండ్రమ్మా?" అని అడిగాడు రాసుకునే ఆయన. నేనేనన్నాను. పెద్దమ్మ నా వైపు చూడలేదు. బయటికొచ్చాక, "తీసేత్తరంటవా బిడ్డా?" అంది. తీసేస్తారని చెప్పాను. కొన్ని పోయాయి, వారానికి వేరే పేర్లతో మళ్లీ వచ్చాయి.

ఆ తర్వాత ఆమె ఏ చావుకూ ఏడవలేదు. వచ్చి, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చునేది. "నా ఏడ్పు సుత నాది గాకపాయె" అంది ఒకసారి. నన్ను తిన్నావా అని అడగడం మాత్రం మానలేదు. తిట్టినా బాగుండేది.

మంగళవారం ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. ఆరేడు ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. వాటిని చూసి ఆమె బిడ్డ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆడవాళ్లెవరూ గొంతెత్తలేదు. కొడుక్కి ఈసారీ సెలవు దొరకలేదు. వీడియో కాల్ పెట్టి ఫోన్ నేనే పట్టుకున్నాను. ఆమెకు నేను చెప్పుకోవాల్సింది చాలా ఉంది. ఫోన్ ఆమె ముఖం దగ్గరికి జరిపాను.

"అక్కా, ఆవాజ్ అస్తలేదు. మ్యూట్ల ఉన్నదేమో సూడు" అన్నాడు.

మ్యూట్‌లో లేదు.