దీపం దగ్గర తోలు బెల్టు

మా పాపకు తుంటి ఆపరేషన్ తర్వాత వేసిన కట్టు కోసిన రోజు, ఇక కష్టాలు గట్టెక్కాయనుకున్నాను. నడుము నుంచి పాదాల దాకా ఉన్న ఆ గట్టి కట్టులో వారాల తరబడి పడుకున్న మూడేళ్ళ పిల్ల, లేచి ఇసుకలో పరుగులు పెడుతుందని ఆశ. డాక్టరుగారు నా ఆశ మీద నీళ్ళు చల్లి బెల్టు తొడిగారు. మా ఊళ్ళో అందరూ దాన్ని బెల్టు అనే అన్నారు గాని, నిజానికి అదొక చిన్న యంత్రం. నడుముకొక పట్టా, తొడలకు ప్లాస్టిక్ చిప్పలు, రెండు కాళ్ళ మధ్య ఒక కమ్మీ, అన్నిటినీ బిగించడానికి తోలు పట్టీలు. కాళ్ళు ఎడంగా ఉంటేనే ఎముక తన గూట్లో కుదురుకుంటుందనీ, స్నానానికి తప్ప తీయొద్దనీ, అప్పుడు కూడా మోకాళ్ళు దగ్గరికి రానివ్వొద్దనీ చెప్పారు. "జారిందంటే మళ్ళీ ఆపరేషనే" అన్నారు. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర పాప నా కొంగు వదలకపోవడం గుర్తొచ్చింది.

ఇంటికొస్తే మా ఇంట్లో ఏ గుమ్మంలోనూ పాప పట్టలేదు. ఎదురుగా ఎత్తుకుంటే మోకాళ్ళు ద్వారబంధానికి కొట్టుకునేవి. పీతలాగా పక్కకు తిరిగి నడవడం నేర్చుకున్నాను. కుర్చీలో కూర్చోబెడదామంటే దాని చేతులు అడ్డం. చివరికి మా ఆయన చేపల ఐసు పెట్టె ఒకటి కడిగి, వసారాలో బోర్లించి, మీద దిండు వేశాడు. గుర్రమెక్కినట్టు దాని మీద కూర్చుని పాప వీధిలో పోయే ప్రతివాళ్ళనూ పలకరించేది. చూడొచ్చినవాళ్ళు "అయ్యో తల్లీ" అనగానే నాకు ఒళ్ళు మండేది. "అయ్యో ఎందుకక్కా, మా మహారాణికి దండం పెట్టి పోండి" అనేదాన్ని. నా నోరు తెలిసినవాళ్ళు గనక నవ్వి ఊరుకునేవాళ్ళు.

నాకంటే పాపే తొందరగా బెల్టుకు అలవాటు పడింది. ఒక్క దగ్గరే దానికి సరిపెట్టుకోవడం చేతకాలేదు. ఆపరేషన్ కాకముందు రోజూ సాయంత్రం మా అత్త దీపం పెడుతుంటే పక్కన కూర్చుని గంట కొట్టేది అదే. ఇప్పుడు బెల్టుకు తోలు పట్టీలున్నాయి. దేవుడి పటాలున్న గదిలోకి తోలు రానివ్వదు మా అత్త.

మాది పులికాట్ సరస్సు పక్క, సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికే ఊరు. పడవ మీద చెప్పులతో కాలు పెట్టడానికి ఎంతటివాడికీ వీల్లేదు. దండం పెట్టుకునే ముందు మగవాళ్ళు నడుము బెల్టు కూడా తీసి గుమ్మం అవతల పెడతారు. మా మామ వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. కొడుకు నీళ్ళ మీద ఉన్నప్పుడు ఇంట్లో మైల తగిలితే అమ్మవారికి కోపమొస్తుందని అత్తకు అప్పటినుంచీ భయం. నాకు ఆ నమ్మకం లేదు గాని, ఆ భయాన్ని ఎగతాళి చేసే ధైర్యమూ లేదు. పాపేమో గుమ్మం ఇవతల నుంచి "అవ్వా, నేను గంట కొడతా" అని రోజూ ఏడ్చేది.

నేను చిల్లకూరులో ఒక బడిలో పాఠాలు చెబుతాను. పగలంతా పాప అత్త చేతుల్లోనే. ఒకరోజు బడి తొందరగా వదిలారు. ఇంటి మెట్లెక్కుతూ కిందకు చూస్తే చెప్పుల వరస చివర, మా అత్త చెప్పుల పక్కన, పాప బెల్టు ఉంది.

లోపలికి పరిగెత్తాను. పాప దేవుడి పటాల ముందు మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చుని గంట కొడుతోంది. దాని మొహం అంతగా వెలిగిపోవడం ఆపరేషన్ తర్వాత అదే మొదటిసారి. నేను మాత్రం కేక పెట్టాను.

"నీ దేవుళ్ళకి నా బిడ్డ కాలు కావల్సొచ్చిందా అత్తా?"

"ఒక్క నిమిసమేనమ్మా. బిడ్డ అట్టా ఏడస్తా ఉంటే చూళ్ళేకపోయినా. మళ్ళీ తగిలిచ్చేద్దామనే..." అంది అత్త. పాప గంట పడేసి ఏడుపు అందుకుంది. నేను ఇంకా చాలా అన్నాను. అవి ఇక్కడ రాయను.

మర్నాడు నెల్లూరు వెళ్ళి ఎక్స్‌రే తీయించాం. పిలవకపోయినా అత్త వచ్చింది. ఆసుపత్రి బల్ల చివర కూర్చుంది. ఎముక కదల్లేదని డాక్టరుగారు చెప్పారు. "ఈసారికి బతికిపోయారు" అని, పట్టీలు ఎలా బిగించాలో మళ్ళీ ఒకసారి చూపించారు. నా గుండె కుదుటపడింది గాని కోపం చల్లారలేదు. బెల్టు తీసేసేదాకా పాపను గూడూరులో మా అమ్మ దగ్గర ఉంచుతానని బస్సులోనే అత్తతో చెప్పేశాను. ఇంటికొచ్చి అత్తే పాప పావడాలు మడతపెట్టి సంచిలో సర్దింది. నన్ను తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఆదివారం ప్రయాణం. దానికి ముందు శుక్రవారం మా ఆయన వేట మీద ఉన్నాడు. పొద్దు వాలుతుండగా అత్త తలస్నానం చేసి, లోపలి నుంచి పటాలు ఒక్కొక్కటే తెచ్చి వసారాలో పీట మీద పెట్టింది, పాప ఎదురుగా.

"ఇదేంది అత్తా?"

"తిరునాళ్ళప్పుడు అమ్మోరు వీధిలోకి రాదా? గుడి దాకా పోలేనోళ్ళు ఉంటారనే గదమ్మా వచ్చేది."

"మరి తోలు?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

అత్త సముద్రం వైపు చూసింది. "బిడ్డల తల్లి గదా, ఆమెకి తెలవదా" అంది. అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించింది. కొడుకు నీళ్ళ మీద ఉండగా ఆ పని చేయడానికి ఆమె ఎంత భయాన్ని దిగమింగిందో నాకు తెలుసు. గాలికి ఆరకుండా దీపానికి నా రెండు చేతులూ అడ్డం పెట్టాను.

పాప ముందుకు వంగి గంట కొట్టిన ఊపుకి తొడ దగ్గర పట్టీ వదులైంది. నేను అందుకునేలోపే అత్త అందుకుంది. వేళ్ళకు కుంకుమ అలాగే ఉంది. పట్టీ లాగి బిగించి, దాని కిందకు వేలు దూర్చి చూసింది.

"ఒక ఏలు దూరాల, రెండేళ్ళు దూరకూడదు. అంతే గదమ్మా ఆయన చెప్పింది?"

"అంతే అత్తా" అన్నాను.

మర్నాడు పడవ ఒడ్డుకు వచ్చిందని కేక వినబడేదాకా అత్త పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆదివారం నేను సంచిలోంచి పావడాలు తీసి బీరువాలో పెట్టాను. సోమవారం పొద్దున పాపను అత్త చంకకు అందించాను. 'జాగ్రత్త' అనబోయి, ఆ మాట మింగేసి, బస్సెక్కాను.