చిన్నాయన కొయ్యసుత్తులు

మొన్న షుగర్ పరీక్షకని వెళ్తే, డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని, అరికాలి మీద గాలపు దారం లాంటిదేదో ఆనించి "తెలుస్తోందా?" అని అడిగింది. తెలుస్తోందన్నాను. ఇంకోచోట ఆనించింది. నాకెందుకో తొందర ఎక్కువై, ఆమె ఆనించకముందే ఒకసారి తెలుస్తోందని చెప్పేశాను. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా చిన్నాయన గుర్తొచ్చి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. సిరిసిల్ల వైపు నుంచి మీసాలు రాని వయసులో సూరత్ వచ్చి, పాండేసరా మగ్గాల షెడ్లలోనే తల నెరిపించుకున్నాడు. చివరికి మిస్త్రీ అయ్యాడు. మగ్గం మొరాయిస్తే దారికి తెచ్చే పని ఆయనది. ఆయన గొప్పంతా కుడిచేతి బొటనవేలిలో ఉండేది. నడుస్తున్న బట్ట మీద వేలు ఆనించి, మొహం ఇంకెటో పెట్టి, పోగు ఎక్కడ తెగిందో చెప్పేవాడు. షెడ్డులో వెలుతురు అంతంతమాత్రం, మోతలో మాట వినపడదు. అక్కడి పాతకాపులంతా వేలితోనే చూసేవారు, కళ్లు పెట్టి వెతికేవాణ్ణి కొత్తవాడని వెక్కిరించేవారు. "కన్ను మోసం జేస్తది గని, ఏలు చెయ్యదు" అనేవాడు చిన్నాయన.

పని మానేశాక ఆయన చిన్నమ్మకు చుక్కలు చూపించాడు. వంటింట్లోకి వచ్చి, ఆమె తీయలేనంత గట్టిగా డబ్బాల మూతలు బిగించేవాడు. అలాంటి రోజుల్లో డుమస్ రోడ్డులో ఉండే, ఆయన పనిచేసిన షెడ్డు పాత సేఠ్, విరిగిన కొయ్యసుత్తి ఒకటి బాగుచేయమని పంపాడు. గడ్డి మీద కొయ్యబంతిని దాంతో కొట్టి, నేలలో గుచ్చిన ఇనుప కమానుల్లోంచి దూర్చే ఆటట, క్రోకే అంటారట. చిన్నాయన దాన్ని బాగుచేసి ఊరుకోక, అలాంటిదే ఇంకొకటి చేశాడు. ఇక ఆగలేదు. పాత మగ్గాలు తూకానికి పోతున్న కాలం కదా, పోగును అటూ ఇటూ మోసే నాడెను కొట్టే కర్రలు పాత సామాన్ల భంగార్ దుకాణంలో కుప్పలుగా దొరికేవి. అవి పిడులయ్యేవి, మగ్గం దిమ్మలు సుత్తి తలలయ్యేవి. వడోద్‌లోని వాళ్ల గల్లీలో "కారం దంచనీకెనా కాకా?" అని అడగనివాళ్లు లేరు. చిన్నమ్మ ఒకదానితో నిజంగానే అల్లం దంచింది. చిన్నాయన చేసిన రభసకు ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

నేను ఆదివారాలు వెళ్లేదాన్ని. చెప్పులు విడవకముందే ఒక సుత్తి నా చేతిలో పెట్టి "జర పట్టి చూడు బిడ్డా, నున్నగున్నదా?" అనేవాడు. పాలవాడొస్తే పాలవాణ్ణీ, పక్కింటి ఒడియా ఆయన్నీ హిందీలో అడిగేవాడు. "మీ చిన్నాయనకు పొగడ్త గావాలె. భజన జెయ్యి, లేకుంటే చాయ్ గుడ తాగడు" అనేది చిన్నమ్మ. అయితే ఒక సంగతి నాకు వింతగా ఉండేది. బాగుందంటే తల ఊపి ఊరుకునే మనిషి, ఇక్కడ గరుకుగా ఉందంటే మొహం వెలిగిపోయి, ఎక్కడో వేలు పెట్టి చూపించమనేవాడు.

ఒకరోజు పొగలు కక్కుతున్న చాయ్ గ్లాసును అరచేత్తో చుట్టి పట్టుకుని నింపాదిగా కూర్చున్నాడు. నేను ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఇంకోరోజు చెక్కుతున్న దిమ్మ మీద ఎర్రటి మరకలు కనిపిస్తే రంగనుకున్నాను. చిన్నమ్మ ఆయన చెయ్యి తిప్పి చూసింది. వేలు చీరుకుపోయి ఉంది.

"నెత్తురు గారుతుంటే దెల్వదా?"

"పనిల వడి సూస్కోలె."

నెత్తురు చూసిన మగ్గం కట్టె ఇంట్లో ఉండొద్దని మావాళ్ల పట్టింపు. చిన్నమ్మ ఆ దిమ్మను కొంగు కింద పెట్టుకుని పోయి తాపీ నదిలో వదిలి వచ్చింది. దోషం కట్టెదే అనుకుని అందరూ కుదుటపడ్డారు. నేను మాత్రం కుదుటపడలేదు. ఆ ఇంటికి వెళ్లగానే ముందు ఆయన చేతుల వైపు చూసేదాన్ని. ఏదో వస్తోందని తెలుసు, ఎటునుంచో తెలియదు.

ఆ వానాకాలంలో ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఇంట్లో చచ్చిన ఎలుక వాసన. చిన్నమ్మ మంచం కిందా బియ్యం డబ్బాల వెనకా వెతికి వెతికి అలిసిపోయింది. చిన్నాయన అరుగు మీద కూర్చుని పిడి గీస్తున్నాడు. చీపురు పట్టుకుని నేను ఆయన ముందు వంగాను. వాసన అక్కడే ఉంది. ఆయన కాన్వాసు బూటు అడుగు తడిసి నల్లబడింది. వద్దంటున్నా బూటు లాగాను. పాత దిమ్మలోంచి పీకిన మేకు ఒకటి, బూటు అడుగును చీల్చుకుని అరికాల్లో దిగి ఉంది. ఎన్నాళ్లుగా దాని మీద నడిచాడో! చిన్నాయన ఆ పాదాన్ని పరాయివాళ్ల పాదాన్ని చూసినట్టు చూశాడు.

"ఏలు ఎన్నడో సచ్చింది బిడ్డా. అందుకే మిమ్ముల పట్టి సూడుమన్న. కాలు గుడ వొయ్యిందని నాకు దెల్వలె."

"నాకెందుకు జెప్పలేదయ్యా?" చిన్నమ్మ నేల మీద కూలబడింది.

"మిస్త్రీకి ఏలు వొయ్యిందంటే ఇంకేం మిగిలె?"

షుగర్ నరాలను తినేసిందన్నారు ఆసుపత్రిలో. విషం పైకి పాకుతోందని, మోకాలి కింద తీసేస్తామన్నారు. మత్తు దిగాక ఆయన దుప్పటి ఎత్తి చూసుకోలేదు. పైకప్పు వైపు చూస్తూ నా చెయ్యి పట్టుకుని, కాళ్ల వైపు జరిపాడు.

"జర పట్టి చూడు బిడ్డా, ఉన్నదా?"

దుప్పటి మీద చెయ్యి పెట్టాను. కింద పరుపే తగిలింది.

"లేదు చిన్నాయనా."

ఆయన తల ఊపాడు. నాకు ఏడుపు ఆగలేదు, ఆయనే నా చెయ్యి నిమిరాడు. కాలం మనిషిని ఒక్కసారి వచ్చి పట్టుకుపోతుందని భయపడుతూ కూర్చుంటాం గాని, అది ఎప్పుడో ఇంట్లోకి వచ్చి, మనకు నొప్పి కూడా తెలియనివ్వకుండా పని మొదలుపెట్టేసి ఉంటుంది.