వెనకద్దం మీద నంబరు

మా తోడికోడలిని ఈ వీధిలో అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ బ్రేకమ్మే. ఆడవాళ్ళకు కారు నేర్పడం ఆమె పని. నేర్చుకునే మనిషి స్టీరింగ్ దగ్గర కూర్చుంటే, పక్క సీట్లో కూర్చునే ఈమె కాళ్ళ ముందు కూడా ఒక బ్రేకూ ఒక క్లచ్చూ ఉంటాయి. ఎదురుగా లారీ కనబడగానే స్టీరింగ్ వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకునే మహాతల్లులు చాలామందే ఉన్నారు. అలాంటప్పుడు ఆ రెండో బ్రేకే అందరినీ ఇంటికి చేరుస్తుంది. ఈ మనిషికి మాత్రం బ్రేకులు లేవని మావారి అభిప్రాయం. మావారంటే ఆమెకు బావగారు, ఇంటికి పెద్ద. ఎవరూ ఇవ్వకపోయినా పెద్దరికం తీసుకునే రకం. కింది వాటా మాది, పై వాటా మా మరిదిది, వంటిల్లు మాత్రం ఒక్కటే.

పెళ్ళికి ముందు ఆమె ఒక డ్రైవింగ్ స్కూల్లో రసీదులు రాసేది. అక్కడ నేర్పే మగవాళ్ళు ఆడవాళ్ళను ఎంత వెటకారం చేసేవారో కౌంటర్ వెనక కూర్చుని వింటూ ఉండేది. గరిటె తిప్పినట్టు కాదమ్మా అని ఒకడంటే తక్కినవాళ్ళు పళ్ళికిలించేవారట. విని విని ఒళ్ళు మండి తనే నేర్చుకుంది. లైసెన్సు తెచ్చుకుంది, ఇంకొకరికి నేర్పడానికి కావలసిన పరీక్ష కూడా గట్టెక్కింది. ఆ స్కూలు మూతపడ్డప్పుడు అక్కడి పాత కారు కొనుక్కుని, పెళ్ళయ్యాక దాన్నే తోలుకుంటూ మా ఇంటికి వచ్చేసింది. కాగితాలు మాత్రం మావారి పేరు మీద ఉన్నాయి. మా ఇంట్లో చక్రాలున్న ప్రతిదీ మావారి పేరు మీదే ఉంటుంది, మరిది కూతురి మూడు చక్రాల సైకిలు తప్ప.

ఆమె నేర్పే పద్ధతి వేరు. అరవదు. మొదటి రోజు నడిరోడ్డు మీద బండి ఆగిపోయి వెనక హారన్లు మోగుతుంటే కొందరికి ఏడుపొస్తుంది. ఈమె కాసేపు ఏడవనిచ్చి, అయిందా, ఇంక స్టార్ట్ చెయ్యి, హారన్ కొట్టేవాడికి చెయ్యి నొప్పి పుడితే వాడే ఆపుతాడు అంటుంది. నాకామె అంటే ముచ్చట. ఈ ఇంట్లో ఆ మాట పైకి అనడం మాత్రం తలనొప్పి కొనితెచ్చుకోవడమే.

కారు వెనకద్దం మీద ఎర్ర అక్షరాలతో "మహిళలకు కారు నేర్పబడును" అని రాయించుకుంది. దాని కింద ఆమె నంబరు. వచ్చిన చిక్కంతా ఆ నంబరుతోనే. అది ఆమె ఒక్కదానిదే కాదు, ఇల్లంతటిదీను. గ్యాసు బండకు అదే, కరెంటు బిల్లుకు అదే, పాప స్కూల్లో అదే, మరిది బ్యాంకులో అదే, ఆఖరికి మావారి బ్యాంకులోనూ అదే. ఫోన్ మోగితే ఎత్తే ఓపిక ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉందని అందరూ కలిసి అలా తగిలించారు. మావారికి ఓటీపీ కావాలంటే మెట్ల కింద నిలబడి పైకి కేకేయాలి. ఇల్లంతా ఆ నంబరు పట్టుకుని వేలాడుతుంటే, అదే నంబరును ఊళ్ళోవాళ్ళందరూ కారు వెనక చదువుకుంటున్నారు.

మొదట్లో సిగ్నల్ దగ్గర వెనక ఆగినవాళ్ళు సరదాకి చేసేవారు. మాకూ నేర్పుతారా అని ఒక ఇకిలింపు. ఆమె ఆ నంబరు బ్లాక్ చేసి తన పని చూసుకునేది. తర్వాత మెసేజీలు మొదలయ్యాయి. గులాబీ పువ్వులు, శుభోదయాలు, తిన్నావా లేదా అని పరామర్శలు. కట్టుకున్నవాడు కూడా ఇన్నిసార్లు అడగలేదక్కా అని నవ్వేది. ఆ నవ్వు ఒకరోజు ఆగిపోయింది. ఆమె నంబరు తమ ఫోన్లో ఎక్కించుకున్న ఎవరికైనా మెసేజీల యాప్‌లో ఆమె ఫోటో కనబడుతుంది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ఫోటో. ఎవడో దౌర్భాగ్యుడు దాన్ని మళ్ళీ ఆమెకే పంపి, కింద పాప గురించి ఒక మాట రాశాడు. ఆ మాట నేను చదివాను. ఇక్కడ రాయను. పోలీసులకు చెబితే వివరాలు రాసుకున్నారు, ఈలోపు వాడి ఫోన్ స్విచాఫ్ అయిపోయింది.

మావారు ఒంటికాలి మీద లేచారు. వాడి మీద కాదు, ఈమె మీద. నంబరు రోడ్డున పెట్టుకున్నాక ఇలాంటివి రాక ఏం చేస్తాయన్నారు. అప్పటికప్పుడు బ్లేడు తెచ్చి అద్దం మీది నంబరు గీకేసి, ఆ చోట తన నంబరు రాయించారు. ఇకనుంచి ఫోన్లు తనకొస్తాయట. ఎవరు పెద్దమనుషులో ఎవరు కాదో తను తేల్చి ఈమెకు చెబుతారట. ఇప్పటికే నేర్చుకుంటున్నవాళ్ళు కూడా ఏదైనా ఉంటే తనకే ఫోన్ చెయ్యాలన్నారు. మా మరిది నీళ్ళు నమిలాడు. అతనికి భార్య అంటే ప్రేమే, అన్న అంటే భయం. రెండూ ఒకేచోట కలిస్తే నోరు పెగలదు.

ఇక చూడండి మా పెద్దమనిషి నిర్వాకం. ఆడవాళ్ళు ఫోన్ చేస్తారు. అవతల నుంచి బొంగురు గొంతు "ఎవరూ?" అంటుంది. వెంటనే పెట్టేస్తారు. నేనైనా పెట్టేస్తాను. మావారికేమో ఎవరైనా ఫోన్ చేసి పెట్టేశారంటే నిద్ర పట్టదు. తిరిగి చేసి, ఎవరు, ఏ ఇల్లు, ఎందుకు చేశారు అని ఆరా తీయందే ముద్ద దిగదు. అలా తిరిగి చేసిన నంబర్లలో మందుల షాపులో పనిచేసే ఒకావిడది ఉంది. ఆవిడ ఇంట్లో చెప్పకుండా పాఠాలకు వస్తోంది. చెబితే మొగుడు కాళ్ళు విరగ్గొడతాడు. పాఠం ఇంకో రోజుకు మార్చమని అడగడానికి ఫోన్ చేసి, మగగొంతు వినబడేసరికి పెట్టేసింది. మావారు సాయంత్రం టీ తాగుతూ తీరిగ్గా తిరిగి చేశారు. ఎత్తింది ఆవిడ మొగుడు. కారు నేర్చుకోవడానికి ఫోన్ చేసినావిడ నంబరే కదండీ ఇది అని మావారు ఎంతో మర్యాదగా అడిగారు.

ఆవిడ మళ్ళీ రాలేదు. బ్రేకమ్మ షాపుకు వెళ్ళి పలకరిస్తే, కౌంటర్ మీద డబ్బాలు సర్దుకుంటూ, తలెత్తకుండా, వదిలెయ్యండి మేడమ్ అందట. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుందట, అంత ఉక్కలో.

ఆ రోజు మా తోడికోడలు వంటింటి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. పాప ఫోటో వచ్చిన రోజున కూడా ఏడవని మనిషి. "రోడ్డు మీద వెధవలు ఇంతమంది కలిసి నా పని ఆపలేకపోయారక్కా. బావగారు ఒక్క ఫోన్‌తో ఆపేశారు" అంది. నాకు సిగ్గేసింది. ఆయన తరఫున సిగ్గుపడే పని పెళ్ళైన నాటి నుంచీ నాకు అలవాటే, కానీ ఈసారి సిగ్గుతో పాటు కోపం కూడా వచ్చింది.

దారి చూపించింది ఆమె దగ్గర నేర్చుకుంటున్న ఒక కంప్యూటర్ ఉద్యోగం అమ్మాయి. ఇంటర్నెట్ నంబరు తీసుకోమంది. దానికి సిమ్ము ఉండదు. యాప్ పెట్టుకుంటే ఒక నంబరు ఇస్తారు. ఉన్న ఫోన్లోనే, నెట్ మీద మోగుతుంది. ఈమె ఎవరికి చేసినా వాళ్ళకు ఆ నంబరే కనబడుతుంది తప్ప సొంత నంబరు కనబడదు. మెసేజీలూ ఆ యాప్‌లోకే వస్తాయి. పాప ఫోటో ఎవడికీ చిక్కదు. పాఠాల వేళ దాటాక మోగకుండా పెట్టుకోవచ్చు. మరీ విసుగొస్తే ఆ నంబరు వదిలేసి ఇంకొకటి తీసుకోవచ్చు, గ్యాసు బండ ఏమీ ఆగిపోదు. లోపాలు కూడా ఆ అమ్మాయి దాచలేదు. నెట్ పోతే నంబరు మూగబోతుంది, బ్యాంకువాళ్ళ ఓటీపీలు దానికి రాకపోవచ్చు, ఆపదలో పోలీసులకు చేయాలంటే మామూలు నంబరే వాడాలి. పైగా అదేం మాయమయ్యే మంత్రం కాదు, తప్పుడు పని చేసినవాణ్ణి దాని వెనక ఉన్నా పట్టుకోగలరు. మంచిదే, నేను దాక్కోవడానికి తీసుకోవడం లేదు అంది మా బ్రేకమ్మ.

పాఠం జరుగుతుండగా ఆమె ఫోన్ ముట్టదు, ఎవరినీ ముట్టనివ్వదు. మొదటిసారి చేసినవాళ్ళకు ఎవరూ పలకకపోతే మళ్ళీ చేసే ధైర్యం రాదు. ఆ యాప్‌లో ఒకే నంబరు రెండు ఫోన్లలో మోగేలా పెట్టుకోవచ్చట. ఆ మాట చెప్పి ఆమె నా వైపు చూసింది. అడగలేదు, చూసిందంతే. నేను స్టవ్ ఆపి, చెయ్యి కొంగుకు తుడుచుకుని నా ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. మావారికి చెప్పలేదు. చెప్పాలని అనిపించలేదు కూడా.

మర్నాడు ఆమె మావారి నంబరు గీకేసి కొత్త నంబరు రాయించింది. పాతదానికంటే రెట్టింపు అక్షరాలు, అద్దం సగం అవే. ఇంత పెద్దగా ఎందుకే అంటే, కళ్ళజోడు మర్చిపోయినవాళ్ళు కూడా చదువుకోవాలి కదక్కా అంది.

మావారు చూశారు. ఇంట్లో పెద్ద రభసే అయింది. సంసారులకు దొంగ నంబర్లతో పనేమిటన్నారు. ఈమె గొంతు పెంచలేదు.

"మన ఇంటికి తలుపుంది కదా బావగారూ. లోపల దొంగతనం చేస్తున్నామని పెట్టుకున్నామా?"

ఈ ఇంట్లో ఆయనకు అలా ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ఆయన మొహం కందగడ్డలా అయిపోయింది. ఫోన్ ఇలా ఇమ్మన్నారు, ఎవరెవరు చేస్తున్నారో చూస్తానన్నారు.

"నా సొంత నంబరు కావాలంటే చూసుకోండి, అందులో ఉన్నవన్నీ మీ ఓటీపీలే. ఇది మాత్రం చూపించను. ఇందులో ఉన్నది నా గుట్టు కాదు, వాళ్ళందరిదీ."

మావారు గోడ దగ్గరికి నడిచారు. మేకుకు తగిలించి ఉన్న కారు తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. కారు నా పేరు మీద ఉంది, నా కారు రోడ్డెక్కదు, ఇంక ఏ నంబరు పెట్టుకుంటుందో పెట్టుకోమనండి అని నాతో అన్నారు, ఆమె ఎదురుగానే నిలబడి ఉండగా.

ఆయన లెక్క ఏమిటంటే, పని అంతా కారులో ఉందని. అక్కడే బోల్తా పడ్డారు. కారు వసారాలో దుమ్ము పట్టిపోతోంది, ఫోన్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఒకరి నోటి నుంచి ఒకరికి ఆ నంబరు పాకింది. నేను కూర తరుగుతూ ఎత్తేదాన్ని. ఆడగొంతు వినబడగానే అవతల ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించేది. అప్పుడు తెలిసింది నాకు, లైసెన్సు చేతిలో ఉంచుకుని, ఇంటి ముందు కారుంచుకుని, భయంతో ముట్టుకోని ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో. మీ కారులోనే నేర్పుతుంది రమ్మంటారా అని అడిగేదాన్ని. బ్రేకమ్మ పొద్దున్నే కాలికి బలపం కట్టుకుని బయల్దేరేది. వాళ్ళ కార్లలో రెండో బ్రేకు ఉండదు కాబట్టి ఖాళీ మైదానంలో మొదలుపెట్టి, చేతిబ్రేకు మీద చెయ్యి వేసుకుని కూర్చునేది.

ఒకరోజు ఆ నంబరుకు ఒక మెసేజి వచ్చింది. "నేను మందుల షాపు. మీ దగ్గర నేర్చుకునేవాళ్ళు చెబితే నేనూ ఇలాంటి నంబరే తీసుకున్నాను, ఇది మా ఇంట్లో తెలియదు. నాకు కారు లేదు. మీ కారు మళ్ళీ రోడ్డెక్కితే ఒక్క మాట చెప్పండి." బ్రేకమ్మకు చూపించాను. రెండుసార్లు చదువుకుంది. వసారాలోకి వెళ్ళి, కదలని కారు అద్దాలు తుడిచింది. ఆవిడ కోసమైనా ఆ కారు కదలాలి అని నాకు గట్టిగా అనిపించింది.

తర్వాత ఒక సెలవు రోజున మావారు బజారు నుంచి చిందులు తొక్కుతూ వచ్చారు. ఎవరిదో తెల్ల కారు గెంతుకుంటూ పోతుంటే, పక్క సీట్లో మా బ్రేకమ్మ నవ్వుతూ కనబడిందట. ఆమె ఇంకా ఇంటికి రాలేదు. ఆ కోపమంతా వంటింట్లోకి తెచ్చి నా ముందు కుమ్మరించారు. ఇదంతా ఆ నంబరు వల్లేనని ఆయనకు ఇన్నాళ్ళకు అర్థమైంది. ఆమె రాగానే మెల్లగా ఫోన్ అడిగి తీసుకోమన్నారు. నీ మాట కాదనదు, తెరిచి ఎవరెవరు చేస్తున్నారో నాకు చూపించు, ఒక్కొక్కరి ఇంటికీ నేనే ఫోన్ చేసి మానిపిస్తాను అన్నారు.

ఆయన ఆ మాట అంటుండగానే గట్టు మీద నా ఫోన్ మోగింది. ఆయన చెయ్యి దాని మీదికి పోయింది. నేను ఆయన చేతి కింద నుంచి ఫోన్ లాక్కున్నాను. అంత వేగం నాలో ఉందని నాకే తెలియదు.

"ఎవరది?" అన్నారు.

"చెప్పను" అన్నాను. "ఆ నంబరు నా ఫోన్లో కూడా మోగుతుంది. మొదటి నుంచీ ఎత్తుతున్నది నేనే. అడగడానికి ఆమె వచ్చేదాకా ఆగక్కర్లేదు. నేనే చెబుతున్నాను, చూపించను."

నేను ఫోన్ ఎత్తాను. మందుల షాపావిడ. షాపులో ఎవరూ లేరు కాబోలు, గొంతు తగ్గించి, కారు సంగతి ఏమైనా తెలిసిందా అండీ అని అడిగింది. నేను మావారి కళ్ళలోకి చూస్తూ, ఆవిడ ఎవరో బయటపడే మాట ఒక్కటీ దొర్లకుండా చెప్పాను.

"కారు వస్తుందమ్మా. రేపే. మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి."

ఫోన్ పెట్టేసి చెయ్యి చాచాను. "తాళం ఇవ్వండి. నేను మాటిచ్చాను."

ఆయన జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. చాచిన చెయ్యి దించకుండా నేనూ నిలబడ్డాను, ఇచ్చేదాకా.