బంగారపు ఊళ్లో బాబాయి

వాన వెలిసిన సాయంత్రం మా వీధిలో తడిసిన నీలగిరి ఆకుల వాసన లేస్తే నాకు చింతపండు పులిహోర గుర్తొస్తుంది; ఈ రెండింటికీ సంబంధమేమిటని మా పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. నా తొమ్మిదో ఏట ఈస్టర్ బడి సెలవుల్లో, మెల్‌బోర్న్ నుంచి బెండిగో వెళ్లే దారిలో, ఒకప్పుడు బంగారం తవ్విన ఒక పాత ఊరికి వెళ్లిన రోజున కారంతా ఆ రెండు వాసనలే.

అమ్మ, నాన్న, నేను, మా బాబాయి. అమ్మ కాపరానికి వచ్చేనాటికి బాబాయి ఇంకా బళ్లో చదువుతున్నాడట, ఆవిడ చేతి అన్నం తినే పెరిగాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకం బెంబేలెత్తినప్పుడు, ఆ మరమ్మతుకు మెల్‌బోర్న్ రప్పించిన వాళ్లలో ఆయనొకడు. తీరా ఏమీ కాలేదు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు కంపెనీ ఆయన్ని వదిలించుకుంది. వీసా గడువులోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే తెనాలి వెళ్లిపోవాలి. ఒకచోట ఇంటర్వ్యూ బాగానే జరిగింది, కబురు రావాలి. ఇంట్లో ఉంటే ఫోను వైపే చూస్తున్నాడని అమ్మే మమ్మల్ని బయల్దేరదీసింది.

చెక్క వరండాల దుకాణాలు, గాజు సీసాల్లో రంగురంగుల తీపి బిళ్లలు, మూతపడ్డ గనులు, ఊరి చివర వాగు. వాగు ఇసుకను పళ్లేలతో గాలించి ఎవరైనా బంగారం వెతుక్కోవచ్చు. అందరం బూట్లతో దిగాం. అమ్మ మాత్రం ఒడ్డునే నిలబడిపోయింది. బంగారం లక్ష్మి కదా, కాలికి తగలకూడదు.

"ఊరంతా బంగారమే వదినా, ఇహ గాల్లో నడవాలి నువ్వు," అన్నాడు బాబాయి.

అమ్మ చెప్పులు విప్పి, వంగి, నీళ్లు తాకి కళ్లకద్దుకుంది. "మా మరిదికి ఉద్యోగం ఇప్పించు తల్లీ, కేరమ్ డౌన్స్ గుడికొచ్చి చీర పెడతా," అని మొక్కింది. పక్కనున్న తెల్లావిడ అమ్మకేదో దొరికిందనుకుని పళ్లెంతో సహా పరుగెత్తుకొచ్చింది. అందరం పడీపడీ నవ్వాం. బాబాయి అంతలా నవ్వడం మళ్లీ చూడలేదు.

ఇంటికొచ్చేసరికి ఆన్సరింగ్ మెషీన్ దీపం వెలిగి ఆరుతోంది. అందులోని కబురు బాబాయి నిలబడే విన్నాడు.

"ఏమన్నారయ్యా?" అంది అమ్మ.

"లేదంట వదినా. పెసరట్లు వెయ్యి, ఆకలేస్తంది."

ఆయన తింటున్నంతసేపూ అమ్మ పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరగలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ నెలలోనే ఆయన వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ వాగు చాలావరకు ఎండిపోయింది, దుకాణాలు కాఫీ హోటళ్లయ్యాయి. నిరుడు అమ్మ పోయింది. కడసారి చూపుకని బాబాయి తెనాలి నుంచి వీసాకు పెట్టుకున్నాడు. కర్మలన్నీ అయిపోయాక వచ్చింది వీసా. ఇప్పుడైనా రమ్మని నేను ఫోను చేశాను.

"ఇప్పుడొచ్చి ఎవర్ని చూసేదమ్మా," అన్నాడు.