బావ కోసం వేసిన తువ్వాలు

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, మడతపెట్టే ఫోన్లు మొదటిసారి వార్తల్లోకి వచ్చిన రోజుల్లో, నేను రోజూ పొద్దున్న ఆమదాలవలసలో పాసింజరు ఎక్కి విజయనగరం వెళ్లేవాణ్ణి. అక్కడ ఒక విత్తనాల కంపెనీలో గుమాస్తాని. అందరి దగ్గరా ఫోన్లు ఉన్నా పొందూరు దాటితే సిగ్నల్ వచ్చీ పోతూ ఉండేది. అందుకని బోగీలో పేపరు ఉన్నవాడికి కాస్త విలువ ఉండేది. పేపరు నా దగ్గర ఉండేది. కొత్త ఫోన్లు, కంపెనీల అమ్మకాలు, సినిమా కబుర్లు నేను పైకి చదివి, నాకు తోచిన వ్యాఖ్య కలిపి చెప్పేవాణ్ణి. సీజన్ టికెట్ వాళ్లు నన్ను ‘పేపరు బాబు’ అనేవారు. అది గౌరవమే అనుకున్నాను. (వినేవాళ్లు నలుగురు. అందులో ఒకాయన నిద్రపోయేవాడు. అప్పట్లో నేను ఆయన్ని కూడా లెక్కలో వేసుకునేవాణ్ణి.)

ఆ ఏడాదే మా అక్క పెళ్లయింది. చీపురుపల్లి సంబంధం. బావకి విజయనగరంలో చీరల షాపులో పని. చీపురుపల్లిలో ఎక్కేది అదే రైలు, అదే బోగీ. మా వైపు సీజన్ టికెట్ వాళ్లకి ఒక పద్ధతి ఉంది. రైలు ఆగీ ఆగకముందే కిటికీ ఊచల్లోంచి తువ్వాలు లోపలికి తోసేస్తే ఆ సీటు మనదే. ఎవరూ కాదనరు. మా అమ్మ నా చేతిలో రెండో తువ్వాలు పెట్టి, “ఒరే, అల్లుడు నిలబడి ఎల్తే మనకే సిన్నతనం. ఈ తువ్వాలు ఆయనది” అంది. ఆ రోజు నుంచి నాకొకటి, బావకొకటి, రెండు తువ్వాళ్లు వేసేవాణ్ణి. నా కిటికీ పక్కనే నా ప్రత్యర్థిని నేనే కూర్చోబెట్టుకున్నానని వారం రోజులకి గాని తెలియలేదు.

తెలిసింది మడత ఫోను రోజున. నేను ఆ వార్త చదివి, తెర ఏ పదార్థంతో చేశారో వివరంగా చెబుతున్నాను. బావ మధ్యలో అడిగాడు, “అందులో మనకేటి?” అని. నేను జవాబు వెతుక్కునేలోపు ఆయనే అందుకున్నాడు. “మడతెట్టే ఫోనా? మరి మడత కాడ ఇరిగిపోదేటి? నేను పొద్దస్తమానూ సీరలే మడతెడతాను. ఎంత పట్టుసీరైనా ఆర్నెల్లు ఒకే మడత మీదుంటే, ఆ మడత కాడే పుటుక్కుమంటాది. ఆ కంపెనీవోళ్లు మా సాపుకొచ్చి ఒక్క పూట నిలబడితే సెప్పేవోణ్ణి కదా, అప్పుడప్పుడూ మడత మార్సండి బాబూ అని!” బోగీ అంతా నవ్వింది. తలుపు దగ్గర ఎండుచేపల బుట్టలు పెట్టుకు కూర్చునే ఆవిడ (ఆవిణ్ణి అందరం చేపలత్త అనేవాళ్లం) కొంగుతో కళ్లు తుడుచుకుంది. నిద్రపోయే ఆయన లేచి కూర్చుని, “ఏటన్నాడు?” అని అడిగాడు. ఏడాదిలో ఆయన నన్ను ఒక్కసారి కూడా అలా అడగలేదు.

మర్నాడు సిగడం స్టేషను దాటాక నేను పేపరు విప్పితే చేపలత్త, “ఉండు బాబూ, మీ బావ ఎక్కనీ” అంది. ఆ మాటకి నాకు మండింది. ఇంకా మండే విషయం ఒకటుంది. బావ పేపరే చదవడు. సాయంత్రం తిరుగు రైల్లో, “ఒరే బామ్మర్దీ, ఏటి ఇసేసాలు?” అని నన్నడిగేవాడు. చెప్పనివి కూడా చెప్పించుకునేవాడు. పొద్దున్నకల్లా నా వార్తలే ఆయన నోట్లోంచి కొత్తబట్టలు కట్టుకుని వచ్చేవి. కొత్త సినిమాలు నేరుగా ఇంట్లో టీవీలోకే వస్తాయని నేను చెబితే, ఆయన బోగీలో, “మరి ఈల ఎక్కడెయ్యాలి? ఇంట్లో ఈలేస్తే మీ అక్క అట్లు తిప్పే సట్టుకం తీస్తాది” అన్నాడు. నవ్వులు ఆయనకి, పేపరు ఖర్చు నాకు. నేను కూడా నవ్వించాలని రెండు మూడుసార్లు ప్రయత్నించాను. చేపలత్త ఓపిగ్గా విని, “నువ్వు సెప్తంటే రేపు పరీచ్చ ఎట్టీస్తారేమో అని బయ్యమేస్తాది బాబూ” అంది. అద్దం ముందు నిలబడి ‘అందులో మనకేటి’ అని ఎన్నిసార్లు అన్నానో చెప్పుకోలేను. నా నోట్లో అది నిజమైన సందేహంలాగే వినిపించేది.

అప్పుడు ఒక శనివారం సాయంత్రం నేను బావకి కనబడకుండా బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. ఆదివారమంతా కూర్చుని, రెండు పెద్ద కంపెనీలు ఒకటైపోవడం మీద చిన్న పుస్తకంలో రెండు పేజీలు రాసుకున్నాను. సోమవారం రైలొచ్చాక ఒక్క తువ్వాలే వేశాను. రెండోది సంచి అడుగున ఉండిపోయింది. వార్తలూ లేవు, సీటూ లేదు, ఇప్పుడేం చేస్తాడో చూద్దామని. చీపురుపల్లి దగ్గరపడే కొద్దీ మా అమ్మ మొహం గుర్తుకొచ్చింది. ఇంటి అల్లుణ్ణి నిలబెట్టానని అక్క ద్వారా తెలిస్తే ఏమవుతుందో ఊహించుకున్నాను. అయినా తువ్వాలు బయటికి తియ్యలేదు.

బావ ఎక్కాడు. ఆయన సీట్లో ఎవరో కూర్చున్నారు. “ఏరా, తువ్వాలు మరిసిపోనావా?” అన్నాడు.

“మర్చిపోయాను బావా.”

ఆయన నా మొహం వైపు ఒక్క క్షణం చూశాడు. తరువాత వెళ్లి తలుపు దగ్గర చేపల బుట్టల పక్కన నిలబడ్డాడు. నేను ఊహించనిది అప్పుడు జరిగింది. బోగీలో వాళ్లంతా నాకు వీపు పెట్టి తలుపు వైపు తిరిగిపోయారు.

“ఈయేల ఏటి కబుర్లు, నాయినా?” అంది చేపలత్త.

“ఈయేల కబుర్లు లేవత్తా. మా కబుర్ల ఆపీసు సనివారం నన్ను సూడనట్టు బస్సెక్కెల్లిపోనాది. అదిగో, కిటికీ కాడ కూకున్నాది. ఆడు సదివి సెప్తేనే కదా నేను వాగేది. ఇన్నాళ్లూ మీరు నావే అనుకున్నారేటి?”

అందరూ మళ్లీ నా వైపు తిరిగారు. ఏడాదిగా నేను ఎదురుచూసిన క్షణం అదే. పుస్తకం తీసి, రెండు కంపెనీల విలీనం గురించి మొదలుపెట్టాను. గరివిడి వచ్చింది, వెళ్లింది. ఎవరూ దగ్గలేదు కూడా. నిద్రపోయే ఆయన తల గోడకి ఆనించాడు. అప్పుడు తలుపు దగ్గర్నుంచి వినిపించింది:

“అందులో మనకేటి?”

నేను పుస్తకంలో చూశాను.

“నేను సెప్తానుండు. మా సాపు ఓనరూ, ఆయన తమ్ముడూ పదేళ్లు కొట్టుకున్నారు. పదేళ్లూ మాకు రెండు సాపుల్లోనూ పన్లున్నాయి. మొన్న కలిసిపోనారు. మిఠాయిలు పంచినారు. మిఠాయి సేతిలో ఉండగానే ఇద్దర్ని ఇంటికి పంపీసినారు. పెద్దోళ్లు కలిసిపోనారంటే, ముందు నీ కుర్సీ ఉన్నాదో లేదో సూసుకో!”

ఈసారి అందరికంటే ముందు నవ్వింది నేను. నవ్వేశాక సిగ్గేసింది. చేపలత్త నా వైపు వేలు చూపించి, “ఓరి బాబూ, ఆ మనిసికి సోటియ్యి. నిలబెట్టి నవ్వించుకుంటే పాపం తగల్తాది” అంది. నేను కిటికీ వైపు ఒదిగి కూర్చున్నాను. బావ నా పక్కన ఇరుక్కుని కూర్చుని, నా సంచిలోంచి తొంగిచూస్తున్న తువ్వాలు కొసని ఒక వేలితో లోపలికి తోసేశాడు. ఆ సంగతి అక్కకి చెప్పలేదు. ఆ తరువాత నేను చదివేవాణ్ణి, ఆయన అడిగేవాడు. నా కుళ్లు పోయిందని చెబితే అబద్ధం. నవ్వినప్పుడు వాళ్లు చూసేది ఆయన వైపే.

బావ పోయి మూడేళ్లయింది. ఇప్పుడు రైల్లో ఎవరి చెవుల్లో వాళ్లకి వార్తలు వినబడుతున్నాయి. పైకి చదివితే పిచ్చివాడనుకుంటారు. మొన్న మూడు మడతల ఫోను వచ్చిందని చదివాను. రెండు రోజులు ఆలోచించి దాని మీద ఒక మాట తయారుచేసుకుని, ఆదివారం చీపురుపల్లి వెళ్లి అక్కకి చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూ విన్నది.

“బాగానే ఉన్నాదిరా” అంది. “గాని, మీ బావైతే...”

మాట పూర్తి చెయ్యలేదు. నవ్వొచ్చేసింది. చేట పక్కన పెట్టి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. బావ ఏమనేవాడో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. నా దగ్గర రెండు రోజులు కష్టపడి చేసిన మాట ఉంది. ఆయన అసలు అనని మాటకి ఆవిడ అంతసేపు నవ్వింది. నేను మళ్లీ కుళ్లుకున్నాను, చాలా రోజుల తరువాత, హాయిగా.