కీమాన్ కొడుకు రాసిన లోపాల చిట్టా

జయరాజు కొడుకు కృపాకర్ ఏం చేస్తున్నాడని హౌరా పక్క సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఏ తెలుగింటి వాళ్లనడిగినా ఒకటే చెప్పేవారు. రైల్వే పరీక్షకి చదువుతున్నాడు, హౌరా మైదాన్ దగ్గర కోచింగు, పొద్దున్న తొమ్మిదింటి లోకల్‌కి వెళ్తాడు, సాయంత్రం ఏడింటికి దిగుతాడు, బుద్ధిమంతుడు అని. ఈ బుద్ధిమంతుడు ఆ కోచింగు గుమ్మం తొక్కి పదకొండు నెలలైందని మాత్రం ఎవరికీ తెలీదు. హౌరాలో దిగి, జనంలో పడి, బస్సెక్కి సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో ఒక ఆఫీసుకి పోయేవాడు. అక్కడ రోజంతా కూర్చుని వీడియో గేములాడేవాడు. అదే ఉద్యోగం. 2010లో ఈ మాట చెబితే మన క్వార్టర్సులో నమ్మేదెవరు? నేనైనా నమ్మను.

నిజానికి అది ఆట కాదు, చాకిరీ. ఎక్కడో విదేశాల్లో తయారైన గేముని అమ్మకానికి పెట్టే ముందు ఇక్కడికి పంపుతారు. ఆడి, తప్పులు పట్టి, రాసివ్వాలి. మనిషి గోడలోంచి నడిచిపోయాడా, రాయి. తలుపు తెరిచాక గది లేదా, రాయి. ఒకే మెట్టు మీంచి నాలుగొందల సార్లు దూకితే ఒకసారి కాలు ఇరుక్కుంటుంది, అది కూడా రాయి. కృపాకర్‌కి ఇందులో అన్నం, నిద్ర గుర్తుండేవి కావు. డిగ్రీలో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన వాడికి మొదటిసారిగా ఒక పని చేతికి అతికింది.

మరి ఇంట్లో చెప్పొచ్చుగా? అక్కడే ఉంది తంటా అంతా.

జయరాజు పలాస పక్క నుంచి వచ్చి ముప్పై ఒక్కేళ్ల కిందట రైల్వేలో చేరాడు. కీమాన్ పని. రోజూ తెల్లారగానే సుత్తి, పానా, ఎర్రజెండా పట్టుకుని తన వంతు ఏడు కిలోమీటర్ల లైను వెంట నడవాలి. పట్టాల్ని బిగించి ఉంచే చీలల్ని కొట్టి చూడాలి. వదులైతే బిగించాలి, పగులు కనిపిస్తే బండి ఆపించాలి. అన్నేళ్లు కంకర మీద నడిచి మనిషి మోకాళ్లు అరిగిపోయాయి. సాయంత్రం ఇంటికొచ్చి గడప దాటడానికి తలుపు పట్టుకునేవాడు. ఇంకా మూడేళ్ల సర్వీసుంది. అయితే అప్పట్లో రైల్వేలో ఒక పద్ధతుండేది. అలాంటి పని చేసేవాడు ముందుగానే తప్పుకుంటే, పరీక్ష పాసైన కొడుక్కి ఆ ఉద్యోగం ఇస్తారు. జయరాజు ఆశంతా దాని మీదే. మూడేళ్ల ముందు సుత్తి దించొచ్చు, కొడుక్కి సర్కారు కొలువు దొరుకుతుంది.

అందుకని కృపాకర్ చెప్పలేకపోయాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ పదకొండు నెలలు నీళ్లు నమిలాడు. లావుపాటి జనరల్ నాలెడ్జి పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగాడు. ఆఫీసు గుర్తింపు కార్డు ఆ పుస్తకం అట్టలోనే దాచాడు. ఒకసారి బంద్ రోజున, ఊరంతా మూసేసి ఉంటే, పొద్దున్నే లేచి జోడు తొడుక్కున్నాడు. తల్లి దయమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఇయ్యాల బందు కదరా, కోచింగేటి?"

"మాక్ టెస్టుందమ్మా" అన్నాడు.

"బందు రోజున టెస్టేటి, సోద్దెం కాకపోతే" అని ఆవిడ ఉల్లిపాయల మీద పడింది. వాడు ఆ రోజంతా హౌరా స్టేషన్లో కూర్చుని వచ్చాడు. ఆ కూర్చున్నంతసేపూ సిగ్గుగానే ఉంది, అయినా లేచి ఇంటికెళ్లే ధైర్యం రాలేదు.

జులైలో ఆఫీసుకి ఒక కొత్త గేమొచ్చింది. పేరు 'గ్రే పాస్‌పోర్ట్'. గూఢచారి కథ. మనమే ఆ గూఢచారి. మూడు పాస్‌పోర్టులు, మూడు పేర్లు. ఏ ఊళ్లో ఎవరిలా ఉండాలో, ఏ విద్యలో ఆరితేరాలో మనమే ఎంచుకోవాలి. కృపాకర్ పై అధికారి సోమశేఖర్, హైదరాబాదు మనిషి, కుర్చీ జరుపుకుని పక్కన కూర్చున్నాడు.

"కృపా, ఈసారి తప్పుల లిస్టు ఒక్కటే కాదు. బలాలు ఏంది, బలహీనతలు ఏంది, నువ్వేమనుకుంటున్నవో రెండు పేజీలు రాయి. సోమవారం నా టేబుల్ మీదుండాలె. మంచిగ రాస్తే నిన్ను పర్మనెంట్ చెయ్యమని నేనే అడుగుత."

కృపాకర్ దాన్ని మూడుసార్లు మొదటినుంచి చివరిదాకా ఆడాడు. లోపాలకేం, కోకొల్లలు. తుపాకీ ఎదుటివాడి ముక్కుకి ఆనించి పేల్చినా గుండు పక్కకి పోతుంది, ఎందుకంటే తుపాకీ విద్యకి నువ్వింకా పాయింట్లు వెయ్యలేదట. కాపలావాడి పక్కనుంచి, రెండడుగుల దూరంలో, వంగుని నడిచిపోతే వాడు గోడకేసి చూస్తూ నిలబడతాడు. అంత గుడ్డి కాపలా మా రైల్వే గోడౌన్లో కూడా ఉండదు. తాళం తియ్యాలంటే ప్రతిసారీ పొడుపుకథ లాంటి ఒక చిన్న ఆట, అది ఆడి ఆడి తల ప్రాణం తోకకొస్తుంది.

కానీ అందులో మాటలుంటాయి చూశారూ, అక్కడ ఆ గేముని తలదన్నేది లేదు. ఎవరితోనైనా మాట్లాడుతుంటే తెర కింద ఒక గీత కరిగిపోతూ ఉంటుంది. ఆ కరిగే నాలుగైదు క్షణాల్లో జవాబు ఎంచుకోవాలి. మెత్తగానా, సూటిగానా, కటువుగానా. ఎంచుకున్నావా, అయిపోయింది. వెనక్కి వెళ్లి మార్చుకునే వీల్లేదు. రెండో ఊళ్లో అన్న మాట తొమ్మిదో ఊళ్లో ఒకడు గుర్తుపెట్టుకుని తలుపు మూసేస్తాడు.

అందులో దొంగ పాస్‌పోర్టులు చేసిచ్చే ముసలాడొకడున్నాడు. గూఢచారిని కొడుకులా చూస్తాడు. "నన్నెవరూ వెతకడం లేదుగా?" అని అడుగుతాడు. వెతుకుతున్నారని తెలిసీ కృపాకర్ మూడుసార్లూ మెత్తటి జవాబే నొక్కాడు, ఎవరూ వెతకడం లేదని. సూటిగా చెబితే ముసలాడికి నమ్మకం పోతుందని, తెర మీద ఆ నమ్మకానికి చూపించే అంకె తగ్గుతుందని భయం. మూడుసార్లూ ముసలాడు ఆ మాట నమ్మి ఇంట్లోనే కూర్చుని పట్టుబడ్డాడు. కృపాకర్‌కి ఒళ్లు మండింది. లోపాల చిట్టాలో అన్నిటికన్నా పైన రాశాడు: 'చెప్పిన అబద్ధాన్ని వెనక్కి తీసుకునే అవకాశం లేదు. ఇది ఆడేవాడి పట్ల అన్యాయం.'

శనివారం ఇది రాసి ఇంటికొస్తే, జయరాజు మంచం మీద ఇస్త్రీ చొక్కా పరుచుకుని కూర్చునున్నాడు.

"సోమారం ఆఫీసుకి రమ్మన్నార్రా. కాయితం మీద సంతకం పెట్టీమన్నారు. నువ్వూ రావాల. నీ పరీక్ష మరి వచ్చే నెల్లోనే కదా, తేలిపోద్ది."

ఆ పరీక్షకి కృపాకర్ దరఖాస్తు కూడా పెట్టలేదు. నోరు తెరిచాడు. దయమ్మ చేపల పులుసు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. వాడు నోరు మూసుకుని అన్నం కలుపుకున్నాడు. ఆ సాయంత్రమంతా కాలు కాలిన పిల్లిలా వరండాలో తిరిగాడు. రెండుసార్లు తండ్రి మంచం దాకా వెళ్లి, ఫ్యాను స్పీడు తగ్గించమంటావా అని అడిగొచ్చాడు.

ఆదివారం పొద్దున్న మా తెలుగు చర్చిలో సాక్ష్యాలుంటాయి. దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. చెప్పిందాన్ని ఇక తేలిగ్గా తీసుకోరు. సంబంధం కుదిరిందని అక్కడ చెబితే పెళ్లయినట్టే లెక్క. పని జరిగాకే సాక్ష్యం చెప్పాలని పెద్దవాళ్లంటారు గానీ, సంతోషం పట్టలేని మనిషి ఆగుతాడా? జయరాజు బెంచీ పట్టుకుని లేచాడు.

"ముప్పై ఒక్కేళ్లు నడిసినాను. నా ఏడు కిలోమీటర్లలో ఒక్క బండికీ ఏటీ కాలేదు, అది దేవుడి దయ. రేపు సంతకం పెట్టీసి సుత్తి దించెత్తన్నాను. నా బాబు అందుకుంటన్నాడు. మీరందరూ పార్దన సెయ్యాల."

ఆమెన్ అన్నారు అందరూ. దయమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఎవరి గురించి సాక్ష్యం చెబితే వాళ్లు కూడా లేచి ఒక మాట అనడం అక్కడి ఆనవాయితీ. పాస్టరు జ్ఞానానందం గారు కళ్లద్దాలు సవరించుకుని, "కృపాకర్ బాబూ, నువ్వూ ఒక్క మాట" అన్నారు.

లేచాడు. యాభై మంది వెనక్కి తిరిగి చూస్తున్నారు. నాలుగైదు క్షణాలే ఉన్నాయి. మెత్తగా, సూటిగా, కటువుగా.

"మీ ప్రార్థనలకి వందనాలు" అన్నాడు.

అబద్ధం కాదు. నిజం అసలే కాదు. మళ్లీ ఆమెన్. పాట ఎత్తుకున్నారు. వాడు కూర్చున్నాడు.

సోమవారం పదింటికి తండ్రీకొడుకులు ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డారు. ముసురు. లోపల బెంగాలీ గుమాస్తా కాగితం బయటికి జరిపి, "దాదా, చదివి చూసి సంతకం పెట్టండి" అన్నట్టు వేలితో చూపించి టీ వైపు తిరిగాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. జయరాజు చదువుకున్నది తెలుగు ఐదో క్లాసు.

"సదువురా. ఏట్రాసినారో ఇనీసి పెడతాను."

అది వాడికి కొత్త పని కాదు. రైల్వే నుంచి ఏ కాగితమొచ్చినా ఎనిమిదో క్లాసు నుంచి కృపాకరే తెలుగులో చెప్పేవాడు, తండ్రి వాడి మాట మీదే సంతకం పెట్టేవాడు. వాడు మొదటి వరుస చెప్పాడు, రెండోది చెప్పాడు. మూడోది వచ్చింది. 'నా కుమారుడు ఈ ఉద్యోగానికి పూర్తి ఇష్టంతో సిద్ధపడుతున్నాడని, పరీక్షకు హాజరవుతాడని తెలియజేస్తున్నాను.'

ఆగిపోయాడు.

"ఏటైంది? ఏటుంది అక్కడ?"

జయరాజు పెన్ను మూత అప్పటికే తీసేసి పట్టుకున్నాడు. మెడ వంచి, చెవి కొడుకు వైపు పెట్టి వింటున్నాడు. ఆ చెవి చూసేసరికి కృపాకర్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. మెత్తటి జవాబులన్నీ అయిపోయాయి.

"నాన్నా, సంతకం పెట్టకు. నేను కోచింగుకి వెళ్లడం లేదు. పరీక్షకి దరఖాస్తు కూడా పెట్టలేదు. వేరే ఉద్యోగం చేస్తున్నాను. ఏడాది కావస్తోంది."

జయరాజు పెన్ను మూత పెట్టాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. బయట రేకుల కిందకి వచ్చి నిలబడ్డాడు.

"ఏటా ఉద్యోగం?"

"కంప్యూటర్లో గేములుంటాయి కదా నాన్నా. వాటిలో తప్పులెక్కడున్నాయో చూసి, రాసివ్వడం."

జయరాజు కొడుకు వైపు తిరిగాడు.

"నాను పగులు సూస్తే, అటు మెయిలొస్తన్నా రాజధానొస్తన్నా, ఎర్రజెండా ఎత్తీడమే. డ్రైవరు తిడతాడని ఆగుతానేటి? నీకు జెండా ఎత్తడానికి ఏడాది పట్టిందేట్రా?"

జయరాజు రేకుల చివరికి నడిచాడు.

"సర్చీలో అందరి ముందూ సెప్పీసినాను. నాను మళ్లీ లెగను. ఆదివారం నువ్వు లెగు" అని, మోకాలు పట్టుకుని వానలోకి దిగి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో కృపాకర్ గేము మళ్లీ మొదటినుంచి పెట్టాడు. ముసలాడి గదికి వెళ్లి, సూటి జవాబు నొక్కాడు. ముసలాడు మండిపడ్డాడు, నమ్మకం అంకె సున్నాకి పడిపోయింది, గూఢచారి ముఖాన తలుపేసి ఊరొదిలి పోయాడు. బతికాడు. మళ్లీ కనబడలేదు, అంతే. కృపాకర్ చిట్టా తీసి, పైన రాసిన లోపాన్ని కొట్టేశాడు. సోమశేఖర్ కాగితాలు చదివి, "ఇది ఎందుకు కొట్టేసినవ్?" అని అడిగాడు.

"అది గేము తప్పు కాద్సార్" అన్నాడు.

ఆ వారమంతా జయరాజు వాడితో మాట్లాడలేదు. దయమ్మ ఇద్దరి మధ్యా కంచాలు పెట్టి, ఇద్దరి మీదా విసుక్కుంది. ఆదివారం వచ్చింది. జయరాజు తన సెలవుని, ఆదివారాలు తన లైను చూసే మల్లేశుకిచ్చేసి, మల్లేశు డ్యూటీ తను తీసుకుని, తెల్లారకుండానే లైను మీదికెళ్లిపోయాడు. చర్చిలో దయమ్మ పక్కన బెంచీ ఖాళీ. కృపాకర్ లేచాడు. వాడికి తెలుగు చదవడం సరిగా రాదు, నలుగురిలో మాట్లాడ్డం అసలే రాదు. అయినా, నేను మా నాన్నకి అబద్ధం చెప్పాను, ఆయన మీకు చెప్పిన సాక్ష్యం అందుకే తప్పయింది, తప్పు ఆయనది కాదు, అని మూడు ముక్కల్లో చెప్పి కూర్చున్నాడు.

ఆరాధన అవగానే ఆ మంచి బట్టల్తోనే లైను వెంట పడ్డాడు. నాలుగో కిలోమీటరు దగ్గర జయరాజు పట్టాల కింద వేసే పాత స్లీపరు దుంగల గుట్ట మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు.

"సెప్పినావా?"

"చెప్పాను."

"ఏటన్నారు?"

"ఎవరూ ఆమెన్ అనలేదు."

జయరాజు నూనె సీసాకి మూత బిగించాడు. కృపాకర్ వంగి సుత్తి అందుకోబోయాడు.

"ఇటియ్యి నాన్నా, ఈ మిగతా మూడు కిలోమీటర్లూ నేను కొడతాను."

"అందులో సెయ్యెట్టకు." జయరాజు సుత్తి తన వైపు లాక్కున్నాడు. గొంతులో కోపం లేదు, అలుపుంది. "ఇంకా మూడేళ్లుంది, నాది నాను నడుస్తాను. ఎల్లు, ఇంటికెల్లి మీయమ్మ దగ్గర కూసో."

కొడుకు భుజం పట్టుకోకుండా, స్లీపరు మీద చెయ్యి ఆన్చి లేచాడు. ఒక్కో చీలా కొట్టుకుంటూ, చప్పుడు వింటూ, కుంటుకుంటూ కదిలాడు. కృపాకర్ ఇంటికి వెళ్లలేదు. పది అడుగులు వదిలి వెనకాలే నడిచాడు, ఏడో కిలోమీటరు రాయి దాకా.