నీలిగుంట తప్పు కాదు

నాకు పని నేర్పిన టాంకో మెడ మీదా ముంజేతుల మీదా ఎర్రటి పొలుసుల మచ్చలు లేచినప్పుడు, కానో నగరంలో అద్దకపు గుంటల దగ్గర పనిచేసే మేమంతా నీలిమందునే తప్పుపట్టాం. మీసాలు రాకముందు నుంచీ ఆయనకు అదే గుంట, అదే పని. గుడ్డ ఎప్పుడు పైకి తీయాలో వాసన చూసి చెప్పగలడు. గుంట ఇంకొకరికి ఇచ్చెయ్యమని ఇంట్లో పోరుపెట్టారు. చివరికి ముంచే పని నాకప్పగించి, తను ఎండలో గుడ్డలు ఆరేయడానికి మారాడు. మచ్చలు తగ్గలేదు సరికదా, పనిలో చొక్కా వేసుకోని వీపు మీదికీ పాకాయి.

బీపీ చూపించుకునే రోజున ఆసుపత్రికి నేనూ తోడు వెళ్ళాను. అక్కడి నర్సు లాదీది పొరుగు నగరం జారియా. కానోవాళ్ళూ జారియావాళ్ళూ ఎదురుపడితే ఒకరినొకరు 'మా బానిస' అంటూ ఆటపట్టించుకోవడం తాతలనాటి హక్కు. కోపం తెచ్చుకున్నవాడే ఓడినట్టు.

"రావోయ్, మా బానిసా! యజమానినడక్కుండా మచ్చల చొక్కా కుట్టించుకున్నావే?" అంది లాదీ.

"మీ ఊళ్ళో అంత చెరకు నములుతారు, నోరు మాత్రం చేదే!" టాంకో తిప్పికొట్టాడు.

లాదీ నవ్వుతూనే మచ్చలు పరీక్షగా చూసింది. "ఇది నీలిమందు పని కాదు. నువ్వు మింగే బీపీ బిళ్ళ పని."

టాంకో పడీపడీ నవ్వాడు. "విన్నావురా? జారియావాళ్ళ చేతిలో పడితే బిళ్ళ కూడా మనమీద పగబడుతుందట!"

నేనూ నవ్వాను. ఇద్దరం లేచాం. లాదీ గుమ్మానికి అడ్డం నిలబడింది. మొహంలో నవ్వు లేదు.

"ఇవాళ్టికి ఆట చాలు, బాబాయ్. చేతులు చాపు."

ఆ పిలుపుకే టాంకో గతుక్కుమన్నాడు. చాపాడు. నీలం ఇంకిపోయిన అరచేతుల్లో ఒక్క మచ్చ లేదు.

"ఇన్నేళ్ళూ గుంటలో నానినవి ఇవే. తప్పు నీలిమందుదైతే ముందు ఇవే పాడవ్వాలి. మచ్చలన్నీ ఎండ తగిలే చోటే ఉన్నాయి, చూడు. ఈ బిళ్ళ పడనివాళ్ళకి ఎండ తగిలితే ఒళ్ళు సొంత చర్మం మీదే తిరగబడుతుంది."

"అయితే ఇవాళే పారేస్తా."

"పారేసి పక్షవాతం తెచ్చుకుంటావా? కూర్చో. డాక్టరమ్మ వేరేది రాస్తుంది."

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, లాదీ అనుమానం నిజమేనంది. బిళ్ళ మార్చి, పూతమందిచ్చి, ఎండకు దూరంగా ఉండమంది. దుమ్ముగాలుల కాలం వచ్చేసరికి మచ్చలు మాయమయ్యాయి. టాంకో గుంట మీద చాపల పందిరి వేయించి, తన పీట తను లాక్కుని కూర్చున్నాడు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆయన తీసిన మొదటి గుడ్డ నేనే లాదీకి పట్టుకెళ్ళాను. "మా బానిసపిల్లకి" అని చెప్పమన్నాడు, చెప్పాను.

ఆమె దాన్ని భుజాన కప్పుకుని, "ఫరవాలేదు, మా బానిస పని మరిచిపోలేదు" అంది.